కృత్రిమమేధయు నాకరశుద్ధియు

తెలుఁగున లక్ష్యము చూపక లక్షణము చెప్పిన గ్రంథమునకుఁ బండితులు విలువ నీయరు. ఒక శబ్దమునకు రూపమిది యని చెప్పువాఁడు దానిని ఏ కవి, యే కావ్యమున, నే యాశ్వాసమునఁ బ్రయోగించెనో చూపవలయును. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును, ఆంధ్రసాహిత్యపరిషత్తు పక్షమున 1936 నుండి సంపుటములుగాఁ బ్రకటింపఁబడిన సూర్యరాయాంధ్రనిఘంటువును నేఁటికిని బ్రమాణములుగా నిలిచియుండుటకు సంపాదకుల పాండిత్య మొక కారణము. అర్థము చెప్పి యూరకుండక ప్రయోగమును జూపుట రెండవ కారణము. చదువరి సంపాదకుని మాటను నమ్మి కూర్చుండ నక్కఱలేదు. మూలమును దెఱచి చూడవచ్చును. సంపాదకుఁడు పొరపడెనేని యా పొరపాటును గూడ మూలమే పట్టి యిచ్చును.

ఈ యాచారమువలనఁ గలిగిన మేలునకు వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లోఁ బ్రకటించిన ప్రబంధరత్నావళి మంచి నిదర్శనము. అందలి పద్యములలోఁ బెక్కు నేఁడు గ్రంథరూపమున దొరకని కావ్యములలోనివి. పూర్వపు సంకలనకర్తలు పద్యముతోఁబాటు కావ్యనామమును గూడ వ్రాసి యుంచుటచేతనే యట్టి కావ్యము లుండెనని తెలియుచున్నది. ఒక్క పేరు నిలుచుటచే నొక కావ్యముయొక్క యునికి నిలిచినది. ఇందుకు విపర్యయముగా, నొక పేరు కల్పింపఁబడినచో లేని కావ్యము పుట్టును. ఈ రెండవ యపాయము పూర్వ మరుదు. అట్టి కల్పనమునకుఁ బాండిత్యమును, శ్రమయు, దురుద్దేశమును గావలసియుండెను. ఇప్పు డీ మూఁటిలో నొకటియు నక్కఱలేదు.

2022 నవంబరు 30వ తేదిని అమెరికాదేశమందలి ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీ యను సంభాషణయంత్రమును విడుదల చేసినది. నాఁటినుండి, కృత్రిమమేధ యనియు వాడుకలో ఏఐ యనియుఁ బిలువఁబడు నిట్టి సాధనములు విశ్వవిద్యాలయములలోను బాఠశాలలలోను వ్యాపించినవి. విద్యార్థి ప్రశ్న వేయును. యంత్రము క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చును. అడిగినచోఁ బ్రమాణగ్రంథముల పట్టికయుఁ గూర్చును. దీనిని జూచి యద్భుతమని మెచ్చువారును, విద్యకు వినాశమని నిందించువారును గలరు. మెచ్చుటకుఁగాని నిందించుటకుఁగాని ముందు ఆ యంత్రము పని చేయు తీరును దెలిసికొనవలయును.

యంత్రము గ్రంథములను బీరువాలో భద్రపఱచి, యడిగినపుడు తీసి చదువునది కాదు. అపారమైన వ్రాఁతను దానిచేఁ జదివించి, యొక మాట పిదప నే మాట వచ్చుట సంభావ్యమో గణించు నేర్పును దానికిఁ గలిగించిరి. ఆ గణనమును బట్టి యది మాటవెంట మాట పేర్చుకొనుచుఁ బోవును. ప్రమాణమును బేర్కొనునపుడును దాని పద్ధతి యిదియే. గ్రంథకర్త పేరుండఁదగినచోట నొక పేరును, సంవత్సర ముండఁదగినచోట నొక సంఖ్యను, పుట యుండఁదగినచోట మఱియొక సంఖ్యను నిలుపును. అవి యొక్కొకప్పుడు నిజములగును, ఒక్కొకప్పుడు కావు. రెండు వేళలను వాక్యముయొక్క గాంభీర్యము సమానముగనే యుండును. మనుష్యుఁడు తెలియని విషయమును జెప్పునపుడు కంఠము తడఁబడును. యంత్రమునకుఁ దడఁబాటు లేదు. ఇందులోనే యపాయమంతయుఁ గలదు.

తెలుఁగువారి కీ స్థితి బొత్తిగాఁ గ్రొత్తది కాదు. వేమన పద్యమున కొక మకుటము కలదు. ఎవరో చెప్పిన యాటవెలఁదికి నా మకుటము తగిలించినతోడనే లోకులు దానిని వేమనదని చదువుకొనిరి. బ్రౌనుదొర 1829లో మదరాసున వేమన పద్యములను బ్రకటించినది మొదలు నేఁటి పరిశోధకులవఱకు ఏది వేమనది, యేది కాదనుటయే చిక్కుగా నున్నది. మకుటము కర్తృత్వమునకు గుఱుతు, సాక్ష్యము కాదు. యంత్రము వాక్యముచివరఁ దగిలించు గ్రంథనామమును, పుటసంఖ్యయు నిట్టి మకుటమే. చూపునకుఁ బ్రమాణమువలె నుండును. మూలము దెఱచి చూచువఱకు నది ప్రమాణము కాదు.

ఈ మాట యూహమాత్రము కాదు. మెటా సంస్థ శాస్త్రరచనకే ప్రత్యేకించి నిర్మించిన గెలాక్టికా యను యంత్రమును 2022 నవంబరులోఁ బ్రదర్శించి, యది యసత్యములను శాస్త్రశైలిలో వ్రాయుచున్నదని పండితు లాక్షేపింపఁగా మూఁడు దినములలోనే ప్రదర్శనమును నిలిపివేసెను. 2023లో వాల్టర్స్, వైల్డర్ అను నిద్దఱు సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికయందుఁ బ్రకటించిన పరిశీలన మింకను స్పష్టమైనది. వారు చాట్‌జీపీటీచేత 42 విషయములమీఁద 84 చిన్న వ్యాసములు వ్రాయించి, యందలి 636 ఉదాహృతగ్రంథములను వెదకిరి. జీపీటీ 3.5 అను రూపము చూపినవానిలో నూటికి 55 లోకమున లేనివే. తరువాతిదగు జీపీటీ 4 చూపినవానిలో నూటికి 18 అట్టివి. అనఁగా యంత్రము మెఱుఁగుపడుచున్నదనుట నిజము. కాని నూటికి పదునెనిమిది లేని గ్రంథములను బేర్కొను పండితుని యే పరిషత్తును రెండవమాఱు పిలువదు. పైఁగా నిజముగా నున్న గ్రంథములను జూపినపుడును, జీపీటీ 4 నూటికి 24 చోట్ల ముఖ్యమైన వివరములను దప్పుగాఁ జెప్పినది.

అదే 2023లో న్యూయార్కునందలి ఫెడరల్ న్యాయస్థానమున జరిగిన వ్యవహారము మఱియొక పాఠము నేర్పును. ఒక విమానసంస్థపై దాఖలైన దావాలో వాది న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైన తీర్పులుగా నుదాహరించిరి. ప్రతిపక్షమువా రా తీర్పులు దొరకలేదని చెప్పిరి. న్యాయవాదులలో నొకఁడు అవి నిజములేనా యని యా యంత్రమునే యడిగియుండెను. నిజములే యని యది సమాధాన మిచ్చియుండెను. జూన్ మాసమున న్యాయాధిపతి వారికి 5000 డాలర్ల జరిమానా విధించెను. సాక్షి సత్యవంతుఁడా యని యా సాక్షినే యడిగి తృప్తిపడిన విచారణ యెట్టిదో, యంత్రముమాటను యంత్రముచేతనే సరిచూచుకొనుట యట్టిది.

తెలుఁగు పరిశోధనమున నీ యపాయ మధికతరము. ఆంగ్లమున నొక వ్యాసము కలదో లేదో సూచీపత్రములలో వెదకి కొన్ని నిమిషములలోఁ దేల్చుకొనవచ్చును. తెలుఁగు శాసనములు, తాళపత్రములు, పాత పత్రికల సంపుటములు ననేకములు యంత్రము చదువఁదగిన రూపమునకు రాలేదు. యంత్రమునకు వాని పరిచయము తక్కువ. శైలి పరిచయ మెక్కువ. కనుకఁ గల్పించుట కవకాశము హెచ్చు, కల్పనమును బట్టుకొనుట కవకాశము తక్కువ. పాత పత్రికలో నొక సంపుటమును, నొక సంచికను జూపి యందుఁ గల వ్యాసమని యంత్రము చెప్పినచో, దానిని గాదనుటకు గ్రంథాలయమున కరిగి దుమ్ము దులుపవలయును. అంతటి శ్రమ యెందఱు పడుదురు? పడనివా రా పేరును దమ వ్యాసమున కెక్కింతురు. మఱియొకఁడు ఆ వ్యాసమునుండి గ్రహించును. మూఁడవవానికాలమునకు లేని గ్రంథమునకు రెండు సాక్ష్యములు గలిగియుండును.

పద్యమైనచో ఛందస్సుచేఁ బరీక్షింపవచ్చుననుకొనువారు గలరు. గణములు చెడి, యతిప్రాసములు తప్పినచోఁ గల్పన వెంటనే పట్టువడును. కాని లక్షణము తప్పకుండుట కర్తృత్వమును స్థాపింపదు. శ్రీనాథునిపేర లోకమునఁ దిరుగు చాటువులలో ఛందోదోషము లేనివి కొల్లలు. అంతమాత్రమున నన్నియు శ్రీనాథునివి కావు. ఛందస్సు అపద్యమును ద్రోసివేయును, అసత్యమును ద్రోసివేయఁజాలదు.

పూర్వ మాంధ్రవాఙ్మయమునఁ గర్తృత్వవివాదములు లేకపోలేదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవమును బ్రకటించి, యతఁడు నన్నయకుఁ బూర్వుఁడని చెప్పఁగా గొప్ప వాదము చెలరేఁగెను. కవి కాలమును గుఱించి భిన్నాభిప్రాయములు పుట్టుటయే కాక, కావ్యమే యాధునికకల్పనమని శంకించినవారును గలిగిరి. ఆ వాదము సాగుటకు గ్రంథము కంటియెదుట నుండెను. అందలి భాష, ఛందస్సు, వ్యాకరణవిశేషములు పరీక్షింపఁదగియుండెను. 1656 నాఁటి యప్పకవి యాంధ్రశబ్దచింతామణిని నన్నయకృతిగాఁ జెప్పెను. ఆధునికవిమర్శకులు పెక్కు రందుకు సమ్మతింపలేదు. అయినను అప్పకవి, గ్రంథము మఱుగుపడిన విధమును, సారంగధరునివలన బాలసరస్వతికిఁ జేరిన విధమును నొక కథగా నైనఁ జెప్పవలసినవాఁ డయ్యెను. వచ్చిన దారి చెప్పనిదే గ్రంథమును విద్వాంసు లంగీకరింపరని యతఁ డెఱుఁగును. ఆ కథ నిజమో కాదో తరువాతివారు విచారించిరి. యంత్రము తనంతటఁ జెప్పిన వాక్యమునకు విచారింపఁదగిన దారియే లేదు.

ఈ సందర్భమున నొక పూర్వపక్షము కలదు. వ్రాయసకాండ్రును దప్పులు వ్రాసిరి గదా, బ్రౌనుదొర కొలువునఁ బండితులు పాఠములను సరిచూచి మార్పులు చేసిరి గదా, యంత్రమును నొక వ్రాయసకానిగా నెంచిన నేమి దోషమని. వ్రాయసకాని తప్పునకు మాతృక కలదు. అక్షరసామ్యముచేతనో, పంక్తి దాఁటుటచేతనో, వినికిడి పొరపాటుచేతనో యా తప్పు పుట్టును. పుట్టిన కారణము తెలియుటచే దానిని సవరింపవచ్చును. ఒక్కొకప్పు డా తప్పే ప్రతుల బాంధవ్యమును దెలుపు సాధనమగును. యంత్రకల్పనమునకు మాతృక లేదు. కావున దానిని సవరించుటకు వీలులేదు, తొలగించుటయే గతి.

పాఠపరిష్కరణమున నింతకన్న సూక్ష్మమైన హాని కలదు. రెండు పాఠములలో నొకటి సులభము, రెండవది కఠినమునై, రెంటికి నర్థము పొసఁగునపుడు కఠినపాఠమునే గ్రహింపవలయునని పరిష్కర్తల సంప్రదాయము. తెలియని పదమును దెలిసినపదముగా మార్చుట వ్రాయసకానికి సహజము; తెలిసినదానిని దెలియనిదానిగా మార్చుట యసహజము. యంత్ర మే మాట సంభావ్యమో దానినే వ్రాయుట కేర్పడినది. అనఁగా సులభపాఠమును గోరుట దాని స్వభావము. అరుదైన పదమును బొరపాటని తలఁచి, వాడుకపదమును నిలుపును. పరిష్కర్తకుఁ గావలసిన గుణమునకు నిది నేరుగా విరుద్ధము. వేయిమంది వ్రాయసకాండ్రు నూఱేండ్లలోఁ జేసిన సులభీకరణము నది యొక్క మధ్యాహ్నమునఁ జేయఁగలదు.

అర్ధానుస్వారములు, శకటరేఫములు నిందుకు నిదర్శనములు. ఏఁడు సంవత్సరము, ఏడు సంఖ్య. వాఁడు సర్వనామము, వాడు క్రియ. అఱుగుట జీర్ణించుట, అరుగుట పోవుట. పాత ముద్రణమును యంత్రముచేఁ జదివించి, యాధునికలేఖనము నెఱిఁగిన యంత్రముచే దిద్దించినచో నీ భేదములు మాసిపోవు నపాయము కలదు. చదువరికి వాక్యము చక్కఁగనే కనఁబడును. చక్కఁగాఁ గనఁబడుటచేతనే తప్పు దొరకదు. ఇట్టి పనిలో యంత్రమును వాడువారు పుటచిత్రమును బ్రక్క నుంచుకొని యక్షర మక్షరమును సరిచూడవలయును. దిద్దుబాటు నాజ్ఞాపింపక, యున్నదున్నట్లు వ్రాయుమని యాజ్ఞాపింపవలయును. ఆజ్ఞాపించియు నమ్మక చూడవలయును.

ఇంత చెప్పుటచే నీ సాధనములు సర్వథా త్యాజ్యములని తాత్పర్యము కాదు. తెలుఁగు విద్వాంసుఁడు తన పరిశోధనఫలమును ఆంగ్లమునఁ బ్రకటింపఁదలఁచినపుడు భాషను దిద్దుకొనుటకును, తనకు రాని భాషలోని వ్యాసముయొక్క స్థూలాభిప్రాయమును దెలిసికొని చదువఁదగినదో కాదో నిర్ణయించుకొనుటకును, పాత ముద్రణములను వెదకుట కనువైన రూపమునకుఁ దెచ్చుటకును, పదసూచికలు కూర్చుటకును నవి తోడ్పడును. ఈ పనులన్నిటియందు నొక సామాన్యధర్మము కలదు: యంత్రము చేసినదానిని సరిచూచుటకు వేఱొక వస్తువు కర్తయెదుట నుండును. వస్తువు లేనిచోట యంత్రమే సాక్షి యగును. సాక్షిగా నది పనికిరాదు.

కావున సాధనము నెన్నుకొనుటలో దాని వేగముకన్నను, శైలికన్నను ముందు విచారింపవలసినవి నాలుగు. మొదటిది, అది యాకరమును జూపునా, చూపిన యాకరమును దెఱచి చూచుటకు దారి యిచ్చునా యనునది. కొన్ని సాధనములు ముందు గ్రంథములను వెదకి, దొరికినవాని నాధారముగాఁ గొని వ్రాయును. ఇవి మేలైనవి. అయినను దొరికిన గ్రంథమున లేని యభిప్రాయము నా గ్రంథమున కంటఁగట్టుట వీనియందును గలదు. గ్రంథ మున్నదని తెలిసికొనుటతోఁ దనివినొందక, యా పుటలో నా మాట యున్నదేమో చూడవలయును. రెండవది, దాని కర్పించిన వ్రాఁత యెచటికిఁ బోవుననునది. అచ్చుకాని తాళపత్రపాఠమును, పరీక్షార్థము వచ్చిన యితరుల వ్యాసమును బరులయంత్రమున కప్పగించుట విశ్వాసభంగము. అమెరికాలోని జాతీయారోగ్యసంస్థలు 2023 జూన్‌లోనే తమ పరీక్షకు లట్లు చేయరాదని శాసించినవి. మూఁడవది, నేఁడు చెప్పినదానిని ఱేపును జెప్పునా యనునది. యంత్రరూపములు తఱచుగా మాఱుచుండును. ఒకే ప్రశ్నకు వేఱువేఱు సమాధానములు వచ్చును. కావున నే యంత్రమును, నే రూపమును, నే తేదిని, నేమని యడిగిరో వ్రాసి యుంచుకొనవలయును. నాలుగవది సాధనమునుగాక కర్తను గుఱించినది: వచ్చిన సమాధానములోని తప్పును గుర్తించు పాండిత్యము తనకుఁ గలదా యనునది. లేనిచో నా పని యంత్రమున కప్పగింపఁదగినది కాదు.

లోకమందలి పత్రికలును, సంఘములును నీ విషయమున నియమములు చేసినవి. నేచర్ పత్రిక 2023 జనవరిలో యంత్రమును గ్రంథకర్తగా నంగీకరింపననియు, దాని యుపయోగమును వ్యాసమునఁ దెలుపవలెననియుఁ బ్రకటించెను. ప్రచురణనీతిని విచారించు కోప్ అను సంఘము ఫిబ్రవరిలోను, వైద్యపత్రికాసంపాదకుల యంతర్జాతీయసంఘము మే మాసమునను నట్లే నిర్ణయించినవి. సైన్స్ పత్రిక మొదట యంత్రరచనను బూర్తిగా నిషేధించి, యా సంవత్సరము నవంబరులోఁ దెలిపి వాడుకొనుట కనుమతించెను. యంత్రము కర్త కాదనుటకు వీరు చెప్పిన హేతువు సమంజసము: తప్పునకు జవాబు చెప్పలేనిది కర్త కాఁజాలదు.

అయినను నీ నియమములయందొక కొఱఁత కలదు. వాడితినని తెలుపుటతో బాధ్యత తీఱినట్లు పలువురు భావించుచున్నారు. యంత్రసహాయము గైకొనఁబడినదని వ్యాసాంతమున నొక వాక్యము చేర్చిన మాత్రమున లేని గ్రంథ మున్నది కాదు. ఒప్పుకోలు ప్రాయశ్చిత్తమున కారంభము, ప్రాయశ్చిత్తము కాదు. ప్రతిప్రమాణమును గర్త స్వయముగాఁ జూచెనని సంతకము చేయుట యా ప్రకటనకన్న విలువగలది.

భారతదేశమున విశ్వవిద్యాలయనిధులసంఘము, అనఁగా యూజీసీ, 2018లోఁ జేసిన నియమములు గ్రంథచౌర్యమును సామ్యశాతముచేఁ గొలుచును. నూటికి 10 వఱకు సామ్యమునకు శిక్ష లేదు. అటుపైని 40, 60 అను మేరలనుబట్టి శిక్ష హెచ్చును. ఆ కొలఁత చౌర్యమునకుఁ దగినది. కల్పిత ప్రమాణము విషయమున నది నిష్ఫలము. లేని గ్రంథమునుండి చేసిన యుదాహరణము దేనితోను సామ్యము నొందదు; కావున నది నిర్దోషముగాఁ గనఁబడును. పూర్వగ్రంథమునుండి గ్రహించి చెప్పనివాఁడు పట్టువడును. ఏ గ్రంథమును జదువక కల్పనమును నమ్మినవాఁడు శూన్యశాతముతో బయటపడును.

యంత్రరచనను గనిపెట్టు యంత్రములపై నాధారపడుటయుఁ గ్షేమకరము కాదు. ఓపెన్‌ఏఐ సంస్థయే 2023 జనవరిలో నట్టి సాధనమును వెలువరించెను. అది యంత్రరచనలలో నూటికి 26 మాత్రమే గుర్తించెను. మనుష్యరచనలలో నూటికి 9 యంత్రరచనలని తప్పుగాఁ జెప్పెను. జూలైలో దాని నుపసంహరించిరి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లోఁ బ్రకటించిన పరిశీలనమున, ఆంగ్లము మాతృభాష కానివారు స్వయముగా వ్రాసిన 91 వ్యాసములను ఏడు సాధనములచేఁ బరీక్షింపఁగా, సగటున నూటికి 60కిఁ బైగా యంత్రరచనలని నిందింపఁబడినవి. తెలుఁగువిద్యార్థి కష్టపడి నేర్చిన యాంగ్లమునఁ దానుగా వ్రాసిన వ్యాసమునకు నిట్టి నింద వచ్చినచో, నాతనికి జరిగిన యన్యాయము నెవరు తీర్తురు? అనుమానమును యంత్రమునకు విడిచిపెట్టక యుపాధ్యాయుఁడే విద్యార్థిని బిలిచి, యీ పుట యే గ్రంథములోనిదో తెచ్చి చూపుమని యడుగుట మేలు. చదివినవాఁడు చూపును, చదువనివాఁడు చూపలేఁడు. ఇది ప్రాచీనమైన పరీక్ష. దీనికి వ్యయము లేదు.

పాఠశాలాపండితులకు నిందుఁ గర్తవ్యము కలదు. విద్యార్థులకు యంత్రమును నిషేధించుట కష్టము. నిషేధించినను జాటుగా వాడుదురు. యంత్రము వ్రాసిన యొక వ్యాసమును దరగతిలో నుంచి, యందలి ప్రతిపేరును, ప్రతిసంవత్సరమును, ప్రతిపద్యమును గ్రంథములతో సరిచూడుమని విద్యార్థుల నాజ్ఞాపించినచో, ఆకరమన నేమో, యుదాహరణమన నేమో వారికిఁ దెలియును. తప్పు పట్టుకొన్న విద్యార్థి యంత్రమును దాసునిగా వాడుకొనును, గురువుగాఁ గొలువఁడు.

పరిషత్పత్రికలు చేయఁదగినదియు నొకటి కలదు. ప్రకటనార్థము వచ్చు వ్యాసమునందు ముద్రితమునుండి గ్రహించినవానికిఁ బుటసంఖ్యను, వ్రాఁతప్రతినుండి గ్రహించినవానికి భాండాగారమును, బ్రతిసంఖ్యను గోరుట యిదివఱకు మర్యాద. ఇఁకమీఁద నది శాసనము గావలెను. స్వయముగాఁ జూడని ప్రమాణమును జూడలేదని చెప్పి, దానిని దెలిపినవారిని బేర్కొనుట పూర్వపండితుల సత్యనిష్ఠ. ఆ నిష్ఠ యంత్రవిషయమునను దప్పరాదు. ప్రబంధరత్నావళిలోని నష్టకావ్యముల పేళ్ళను నమ్మఁగలుగుటకుఁ గారణము, వానిని వ్రాసి యుంచిన సంకలనకర్తలు లేనిదాని నుదాహరింపరను విశ్వాసమే. నూఱేండ్ల పిదప నేఁటి పత్రికలను దిరుగవేయువారికి నట్టి విశ్వాసము మిగులునో మిగులదో యిప్పటివారు నిర్ణయింపవలసియున్నది. విద్వాంసు లీ విషయమును విచారించి, కాలము మించకమున్నే కట్టుబాటు లేర్పఱతురుగాక.